చెల్లే లైసెన్సు లేకుండా వాహనం నడపడం: భారతీయ చట్టంలో శిక్షలు, బాధ్యతలు

చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్సు లేకుండా బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపడం భారతదేశంలో శిక్షార్హమైన నేరం. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం దీనికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జనానికి బాగా తెలిసింది ఈ జరిమానా ఒక్కటే. తనిఖీలో దొరికితే చలానా కట్టి బయటపడవచ్చన్న ధీమాకు మూలం అదే. కానీ ఈ నేరానికి అసలు మూల్యం తనిఖీ దగ్గర కాక ప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది. బీమా రక్షణ పోవడం, లక్షల్లో పరిహారం సొంతంగా కట్టాల్సి రావడం, బండి ఇచ్చిన యజమాని, కన్నవారు కూడా ముద్దాయిలు కావడం దాని పర్యవసానాలు.

చట్టం నేపథ్యం

మోటారు వాహనాలపై దేశవ్యాప్త చట్టం మొదట 1914లో వచ్చింది. దాని స్థానంలో 1939 చట్టం, ఆ తరువాత ఇప్పుడున్న 1988 చట్టం వచ్చాయి. ఇది 1989 జూలై 1 నుంచి అమల్లో ఉంది. లైసెన్సుల జారీ, పరీక్షలు, పత్రాల తనిఖీ వంటి వివరాలను కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 నిర్దేశిస్తాయి.

2019 సవరణకు ముందు లైసెన్సు లేకుండా నడిపితే గరిష్ఠ జరిమానా 500 రూపాయలే. మూడు దశాబ్దాలు అదే మొత్తం కొనసాగడంతో శిక్షకు భయపడేవారు లేకపోయారు. సవరణ చట్టంలోని శిక్షల భాగం 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చి, జరిమానాను పదింతలు చేసింది. మైనర్ల డ్రైవింగుపై కొత్త సెక్షను కూడా అప్పుడే చేరింది.

ఏది చెల్లే లైసెన్సు

చట్టంలోని సెక్షన్ 3 ప్రకారం నడిపే వ్యక్తి పేరిట, ఆ తరగతి వాహనానికి, ఆ రోజుకు చెల్లే లైసెన్సు ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా అది లైసెన్సు లేకుండా నడపడమే. బహిరంగ ప్రదేశం అంటే జాతీయ రహదారి మాత్రమే అనుకోకూడదు. ప్రజలకు రాకపోకల హక్కు ఉన్న ఏ దారైనా, వీధైనా, బస్టాండైనా ఆ నిర్వచనంలోకి వస్తుంది. "మా వీధి చివరి దాకే కదా" అన్న సమాధానం కోర్టులో నిలవదు.

*వయసు.* మోటారు వాహనం నడపడానికి కనీస వయసు 18 ఏళ్లు. రవాణా వాహనానికి 20 ఏళ్లు. 16 నిండినవారు ఎంజిన్ సామర్థ్యం 50 సీసీ దాటని మోటారు సైకిలును మాత్రం తగిన లైసెన్సుతో నడపవచ్చు. ఈ మినహాయింపు ఆచరణలో దాదాపు కాగితానికే పరిమితం. తెలుగు పల్లెల్లో పాల క్యాన్ల నుంచి ఎరువుల బస్తాల దాకా మోసే ఎక్సెల్ 100 బండి ఎంజిన్ సుమారు 100 సీసీ. ఇళ్లలో కనిపించే గేర్లు లేని స్కూటర్లు చాలావరకు 100 సీసీ పైబడినవే. ఇంటర్ చదివే పిల్లవాడు వాటిలో దేన్ని రోడ్డెక్కించినా నేరమే.

*తరగతి.* లైసెన్సు కార్డు మీద వాహనాల తరగతులు సంక్షిప్తంగా ఉంటాయి. గేర్లున్న మోటారు సైకిలుకు ఎంసీడబ్ల్యూజీ, గేర్లు లేనిదానికి ఎంసీడబ్ల్యూఓజీ, కారు వంటి తేలికపాటి వాహనాలకు ఎల్ఎంవీ అని రాస్తారు. రవాణా వాహనాలకు, ఇతర వాహనాలకు గడువు తేదీలు విడివిడిగా ఉంటాయి. కారు లైసెన్సుతో మోటారు సైకిలు నడపడం, గేర్లు లేని బండి లైసెన్సుతో గేర్ల బండి నడపడం చట్టం దృష్టిలో లైసెన్సు లేనట్టే.

తేలికపాటి వాహనాల లైసెన్సుతో ఆటో, ట్యాక్సీ, చిన్న సరుకు వాహనం నడపవచ్చా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి బీమా వివాదాలకు కారణమైంది. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు నడపవచ్చని చెప్పింది. ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న రంభాదేవి కేసులో అదే తీర్పును ఖాయం చేసింది. అయితే వాహనం మొత్తం బరువు 7,500 కిలోలు దాటకూడదు. ట్రాక్టరు లైసెన్సు ఉన్నవారు దానికి ట్రెయిలరు తగిలించినంత మాత్రాన లైసెన్సు లేనివారు కారని 2001లోనే నాగశెట్టి కేసులో తీర్పు వచ్చింది. వ్యవసాయం మీద బతికే ప్రాంతాలకు ఇది ముఖ్యమైన తీర్పు.

*గడువు.* 30 ఏళ్లలోపు వయసులో తీసుకున్న సాధారణ లైసెన్సు 40 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. 30, 50 ఏళ్ల మధ్య తీసుకుంటే పదేళ్లు, 50 నుంచి 55 మధ్య అయితే 60 ఏళ్లు వచ్చేదాకా, ఆ తరువాత ఐదేళ్ల చొప్పున చెల్లుతుంది. రవాణా వాహనాల లైసెన్సు గడువు ఐదేళ్లు. గడువు తీరాక 30 రోజుల పాటు లైసెన్సు చెల్లుతుందన్న పాత వెసులుబాటును 2019 సవరణ తొలగించింది. గడువుకు ఏడాది ముందు నుంచి ఏడాది తరువాత దాకా పునరుద్ధరణకు దరఖాస్తు చేయవచ్చు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి. గడువు ముగిసిన తరువాత దరఖాస్తు చేసుకోవడానికి ఏడాది సమయం ఉంది కాబట్టి ఆ ఏడాదంతా నడపవచ్చని చాలామంది పొరబడుతున్నారు. దరఖాస్తుకు గడువు ఉంది గాని నడపడానికి లేదు. తెలంగాణ పోలీసు నియామక మండలి డ్రైవర్ ఉద్యోగాల కేసులో సుప్రీంకోర్టు 2025లో ఈ విషయాన్నే తేల్చింది. గడువు తీరిన నాటి నుంచి పునరుద్ధరించే దాకా ఉన్న కాలంలో అభ్యర్థికి లైసెన్సు ఉన్నట్టు కాదని చెప్పింది. అంటే ఈ నిర్లక్ష్యం ఉద్యోగావకాశాన్ని కూడా దూరం చేయగలదు.

*ఎల్ఎల్ఆర్.* లెర్నర్ లైసెన్సును తెలుగునాట ఎల్ఎల్ఆర్ అంటారు. ఇది ఆరు నెలలు చెల్లుతుంది, నెల రోజులు నిండాక పూర్తి లైసెన్సు పరీక్షకు హాజరు కావచ్చు. ఎల్ఎల్ఆర్‌తో ఒంటరిగా నడపకూడదు. ఆ వాహనానికి లైసెన్సు ఉన్న వ్యక్తి, అవసరమైతే బండిని ఆపగలిగే చోట పక్కన కూర్చోవాలి. బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. మోటారు సైకిలు మీద నేర్పేవారిని తప్ప వేరొకరిని ఎక్కించుకోకూడదు. జేబులో ఎల్ఎల్ఆర్ ఉంది కదా అని స్నేహితుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని కాలేజీకి వెళ్లే విద్యార్థి ఈ షరతులన్నీ ఒకేసారి ఉల్లంఘిస్తున్నాడు.

*మినహాయింపు.* మోటారు శక్తి 250 వాట్లలోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉండి, నిర్దేశించిన బరువు పరిమితికి లోబడిన బ్యాటరీ బండ్లను నిబంధనలు మోటారు వాహనాలుగా లెక్కించవు. వాటికి లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించిన శక్తి, వేగం ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లకు పెట్రోలు బండ్ల మాదిరిగానే లైసెన్సు తప్పనిసరి.

లేకపోవడం, వెంట లేకపోవడం

లైసెన్సు ఉండి ఇంట్లో మరచిపోవడం, అసలు లైసెన్సే లేకపోవడం చట్టంలో వేర్వేరు తప్పులు. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపాలని సెక్షన్ 130 చెబుతోంది. నిబంధన 139కి 2018లో చేసిన మార్పుతో కాగితం రూపంలోనో ఎలక్ట్రానిక్ రూపంలోనో చూపవచ్చు. డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలోని లైసెన్సు అసలు కార్డుతో సమానం. ఫోన్లో తీసుకున్న మామూలు ఫోటోకు ఆ హోదా లేదు. పత్రం వెంట లేనివారు 15 రోజుల్లోగా సమర్పించే అవకాశాన్ని కూడా నిబంధన కల్పించింది. నిజంగా లైసెన్సు ఉన్నవారు 5,000 రూపాయల కేసుకు తలవంచాల్సిన పని లేదు.

నేరాలు, శిక్షలు

లైసెన్సుకు సంబంధించిన ప్రధాన నేరాలు, 2019 సవరణ తరువాతి శిక్షలు ఇవి:

- లైసెన్సు లేకుండా, లేదా వయసు నిండకుండా నడపడం (సెక్షన్ 181): మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.
- లైసెన్సు లేనివారికి బండి ఇవ్వడం (సెక్షన్ 180): యజమానికి లేదా బండి బాధ్యతలో ఉన్నవారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.
- అనర్హత వేటు పడిన కాలంలో నడపడం (సెక్షన్ 182): మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.
- మైనరు నేరం చేసినప్పుడు సంరక్షకుడి లేదా యజమాని బాధ్యత (సెక్షన్ 199ఏ): మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా.

మొదటి మూడు నేరాలను రాజీ రుసుముతో అక్కడికక్కడే ముగించే అధికారాన్ని సెక్షన్ 200 రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ రుసుము ఎంతో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా నిర్ణయిస్తుంది. అందుకే చలానా మొత్తం అన్ని రాష్ట్రాల్లో ఒకేలా ఉండదు. నాలుగోది రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేదు.

వీటికి తోడు సెక్షన్ 207 కింద పోలీసులు, రవాణా అధికారులు బండిని స్వాధీనం చేసుకోవచ్చు. జనం "బండి సీజ్ చేశారు" అనేది దీన్నే.

అనర్హత వేటు

ఒకప్పుడు సక్రమంగా పొందిన లైసెన్సు కూడా చెల్లకుండా పోవచ్చు. ప్రమాదకరంగా నడిపిన చరిత్ర, మత్తుకు బానిస కావడం, మోసంతో లైసెన్సు పొందడం వంటి కారణాలతో లైసెన్సింగ్ అధికారి సెక్షన్ 19 కింద అనర్హుడిగా ప్రకటించవచ్చు, లైసెన్సు రద్దు చేయవచ్చు. శిక్ష విధించే కోర్టుకు కూడా సెక్షన్ 20 కింద ఆ అధికారం ఉంది. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రత కమిటీ 2015లో అతివేగం, ఎర్ర దీపం దాటడం, తాగి నడపడం, ఫోనులో మాట్లాడుతూ నడపడం వంటి తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపివేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. డ్రంకన్ డ్రైవ్‌లో దొరికి లైసెన్సు కోల్పోయిన వ్యక్తి మరుసటి వారం ఆఫీసుకు బండి తీస్తే, అది 10,000 రూపాయల కొత్త నేరం.

మైనర్లు, కన్నవారు

2019లో చేరిన సెక్షన్ 199ఏ ఈ చట్టంలో అత్యంత కఠినమైన నిబంధనల్లో ఒకటి. మైనరు మోటారు వాహన నేరం చేస్తే సంరక్షకుణ్ణి లేదా వాహన యజమానిని నేరస్థుడిగానే చట్టం చూస్తుంది. వారి అనుమతితోనే బండి తీశాడని కోర్టు భావిస్తుంది. తమకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామని రుజువు చేసుకునే భారం పెద్దలదే. వాహన రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 ఏళ్లు నిండేదాకా లెర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు. 17 ఏళ్ల కుర్రాడికి అంటే ఎనిమిదేళ్లు. డ్రైవింగ్ అవసరమైన ఉద్యోగాలన్నీ ఆ కాలంలో అతనికి మూసుకుపోతాయి. మైనరుపై విచారణ మాత్రం బాల నేరస్థుల న్యాయ చట్టం ప్రకారం జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు జరుగుతుంది.

2024 మే 19న పుణెలోని కల్యాణీనగర్‌లో 17 ఏళ్ల బాలుడు నడుపుతున్న పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు మరణించారు. బాలుడికి వ్యాసం రాయాలన్న షరతుతో బెయిలు ఇవ్వడం దేశమంతటా చర్చనీయాంశమైంది. బాలుడి తండ్రిపైన కూడా పోలీసులు కేసు పెట్టారు. తాళాలు పిల్లల చేతికి అందనివ్వకుండా చూసే బాధ్యత పెద్దలదేనని ఈ కేసు గుర్తు చేసింది.

బీమా, పరిహారం

సెక్షన్ 146 ప్రకారం ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ప్రమాద బాధితులు మోటారు వాహన ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్‌లో దావా వేస్తే, సాధారణంగా పరిహారం బీమా కంపెనీ చెల్లిస్తుంది. అయితే నడిపిన వ్యక్తికి తగిన లైసెన్సు లేదన్న కారణంతో బాధ్యత నుంచి తప్పించుకునే హక్కును చట్టం కంపెనీకి ఇచ్చింది. పూర్వం ఇది సెక్షన్ 149లో ఉండేది, ఇప్పుడు సెక్షన్ 150లో ఉంది.

ఈ హక్కుకు సుప్రీంకోర్టు హద్దులు గీసింది. 2004 జనవరి 5న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్వరణ్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో నేటికీ ప్రామాణికం. లైసెన్సు లేదని చూపితే సరిపోదు, యజమాని తెలిసి గాని నిర్లక్ష్యంతో గాని షరతు ఉల్లంఘించాడని కంపెనీయే రుజువు చేయాలని ఆ తీర్పు చెప్పింది. ఉల్లంఘన రుజువైనప్పుడు కూడా బాధితుడు నష్టపోకుండా, ముందు కంపెనీ చెల్లించి తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని కోర్టులు ఆదేశిస్తూ వచ్చాయి. న్యాయవాదులు దీన్ని "పే అండ్ రికవర్" అంటారు. భారీ వాహనాల లైసెన్సుతో స్కూటరు నడిపిన వ్యక్తి కేసులో, అంటే 2008 నాటి జహరుల్నిషా కేసులో, ఇదే పద్ధతి పాటించారు.

ఇది యజమానికి ఏ రూపంలో తగులుతుందో ఒక ఊహా సందర్భంతో చూడవచ్చు. ఒక రైతు తన మోటారు సైకిలును లైసెన్సు లేని మేనల్లుడికి ఇచ్చాడు. నడుస్తూ వెళుతున్న ఒక మహిళా కూలీని అతను ఢీకొట్టగా ఆమె మరణించింది. ట్రైబ్యునల్ వడ్డీతో కలిపి 15 లక్షల రూపాయలు నిర్ణయించింది. కంపెనీ ఆ మొత్తం ఆమె కుటుంబానికి చెల్లించి, వేరే దావా అక్కర్లేకుండా అదే ట్రైబ్యునల్ ద్వారా రైతు నుంచి వసూలుకు దిగుతుంది. ఇల్లు, పొలం జప్తుకు రావచ్చు. సెక్షన్ 174 కింద పరిహారాన్ని భూమి శిస్తు బకాయిలాగా కలెక్టరు ద్వారా వసూలు చేసే వీలు కూడా ఉంది. ఏటా తప్పకుండా ప్రీమియం కట్టినా, ఆ ఒక్క రోజు బండి ఇచ్చినందుకు ఆస్తి పోతుంది.

సొంత బండికి జరిగిన నష్టం విషయంలో కోర్టుల రక్షణ ఇంత లేదు. పాలసీలోని డ్రైవరు షరతు ఉల్లంఘిస్తే కంపెనీలు క్లెయిము తిరస్కరిస్తాయి. యజమానికి వర్తించే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమాకు కూడా ప్రమాద సమయంలో చెల్లే లైసెన్సు ఉండాలి. నడిపే వ్యక్తే మరణిస్తే ఆ కుటుంబానికి అందాల్సిన సొమ్ము దీనివల్లే ఆగిపోతుంది.

లైసెన్సు లేనివారు ప్రమాదంలో బాధితులైతే వారి హక్కులన్నీ పోతాయని మాత్రం అనుకోకూడదు. లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో ప్రమాదంలో వారి తప్పు కూడా ఉందని తీర్మానించకూడదని 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిర్లక్ష్యం ఎవరిదన్నది వేరుగా రుజువు కావాలి.

ప్రమాదం జరిగితే క్రిమినల్ కేసు

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యంగా వాహనం నడిపితే సెక్షన్ 281, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే సెక్షన్ 106 వర్తిస్తాయి. రెండోదానికి ఐదేళ్ల వరకు జైలు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే. లైసెన్సు లేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాకపోయినా, ఎఫ్‌ఐఆర్‌లో మోటారు వాహనాల చట్టం సెక్షన్లు కూడా చేరి కేసు బరువెక్కుతుంది.

లైసెన్సు లేదన్న భయంతో ప్రమాద స్థలం నుంచి పారిపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలని, 24 గంటల్లోగా పోలీసులకు తెలపాలని సెక్షన్ 134 నిర్దేశిస్తోంది. అలా చేయకపోవడం మరో నేరం. 5,000 రూపాయల తప్పును దాచబోయి, ఆగి ఆసుపత్రికి చేరిస్తే బతికే మనిషిని చావుకు వదిలేయడం ఏ చట్టమూ, ఏ మనసూ క్షమించలేనిది.

నకిలీ లైసెన్సులు

పరీక్ష లేకుండా లైసెన్సు ఇప్పిస్తామనే బ్రోకర్ల చేతిలో మోసపోయినవారు తమది అసలు కార్డేనని నమ్ముతుంటారు. నకిలీ పత్రాన్ని తెలిసి వాడటం ఫోర్జరీకి సంబంధించిన వేరే నేరం. నకిలీ లైసెన్సును పొరపాటున ఆర్టీఓ కార్యాలయం పునరుద్ధరించినా అది అసలైనది కాజాలదని 2001లో కమల కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. డ్రైవరును పనిలో పెట్టుకునేవారి విషయంలో మాత్రం కోర్టులు ఆచరణను గమనించాయి. చూడటానికి సక్రమంగా ఉన్న లైసెన్సును పరిశీలించి, డ్రైవింగ్ నైపుణ్యం చూసుకుని నియమించిన యజమాని, ప్రతిసారీ ఆర్టీఓ రికార్డులు వెతకనక్కర్లేదని 2023లో గీతాదేవి కేసులో మరోసారి చెప్పాయి.

విదేశాల్లో ఉన్న తెలుగువారు

విదేశాల్లో స్థిరపడినవారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. భారత లైసెన్సు ఉన్నవారికి ఇక్కడి ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. ఆ దేశంలో నివాసం ఏర్పరచుకున్నాక స్థానిక లైసెన్సు తీసుకోవాల్సిందే. అమెరికాలో ఈ నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. రెండోది సెలవులకు ఊరొచ్చినప్పటి సంగతి. దూరంగా ఉన్న ఏళ్లలో భారత లైసెన్సు గడువు తీరిపోయి ఉంటుంది, చేతిలో ఉన్న విదేశీ లైసెన్సు ఒక్కటే ఇక్కడ చాలదు. బంధువుల కారు తీసుకుని తిరుపతికో యాదగిరిగుట్టకో బయలుదేరే ముందు ఈ సంగతి చూసుకోకపోతే, పైన చెప్పిన బీమా నష్టం ఆ కారు యజమాని అయిన బంధువు మీద పడుతుంది.

పాఠకులకు సూచన

లైసెన్సు తీసుకోవడానికి ఎల్ఎల్ఆర్ పరీక్ష, నెల రోజుల సాధన, ట్రాక్ మీద ఒక పరీక్ష సరిపోతాయి. దాన్ని నిలబెట్టుకోవడానికి గడువు తేదీ గుర్తుంటే చాలు. కార్డు తీసి రెండు విషయాలు చూసుకోండి: మీరు నడిపే బండి తరగతి అందులో ఉందా, గడువు ఇంకా మిగిలి ఉందా. ఈ రెండింటికీ అవునన్న జవాబు రాకపోతే, వచ్చేదాకా బండి తీయకండి. లైసెన్సు లేనివారు ఎంత దగ్గరివారైనా, దారి ఎంత చిన్నదైనా తాళం చేతికివ్వకండి.